పాఠానికి ముందు ఒక గంట

జూన్‌లో బడులు తెరిచిన వారం నుంచే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు రికార్డుల పని మొదలవుతుంది. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్, డైరీ. గడులు గీసి, శీర్షికలు ఎర్ర సిరాతో రాసి, ఉన్ముఖీకరణ, శీర్షికా ప్రకటన, ఆదర్శ పఠనం, మూల్యాంకనం అంటూ వరుసగా నింపుకుంటూ పోవాలి. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడిగేది వాటినే. అందుకే వాట్సాప్ గ్రూపుల్లో రెడీమేడ్ లెసన్ ప్లాన్‌ల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. ఒకరు టైపు చేసింది వందల బళ్లలో చేతిరాతగా మారుతుంది. ‘పిల్లలు ఆసక్తిగా పాల్గొంటారు’ అనే వాక్యం వాటన్నింటిలోనూ ఉంటుంది. ఏ పిల్లలు, ఏ ప్రశ్న అడిగితే, ఎందుకు ఆసక్తి చూపుతారో మాత్రం ఏ ఒక్కదానిలోనూ ఉండదు.

ఇది ఉపాధ్యాయుల బద్ధకం అనుకుంటే పొరపాటు. ప్రణాళిక అనేది తరగతి గది కోసం కాక బల్ల మీద పెట్టి చూపించడానికే అని వ్యవస్థే వాళ్లకు నేర్పింది. రేపటి పాఠం గురించి ఇవాళ ఆలోచించడం ఒక పని. ఆలోచించినట్టు కాగితం మీద చూపించడం వేరే పని. రెండో పని పెరిగేకొద్దీ మొదటిదానికి వ్యవధి తగ్గుతుంది. పిల్లల మనసు పట్టుకునే పాఠం కావాలంటే ముందు ఈ లెక్క సరిచేయాలి.

మనసు పట్టుకునే పాఠం అనగానే చాలామందికి ఆటపాటలు, రంగు కాగితాలు, ఇప్పుడైతే డిజిటల్ తెర మీద బొమ్మలు గుర్తుకొస్తాయి. ఇవేవీ చెడ్డవి కావు. అయితే ఆట అయిపోయాక పిల్లవాడికి ఏం మిగిలిందన్నదే ప్రశ్న. చప్పట్లు కొడుతూ ఎక్కాలు పాడిన తరగతి బయటికి ఎంతో హుషారుగా కనిపిస్తుంది. ఆ హుషారులో ఒక్క పిల్లకైనా ‘అదెలా?’ అన్న సందేహం పుట్టకపోతే అక్కడ జరిగింది కాలక్షేపమే. ఎనిమిదేళ్ల పిల్లను ముప్పై నిమిషాలు కూర్చోబెట్టగలిగేది తనకు అంతుపట్టీ పట్టని ఒక ప్రశ్న. ఆ ప్రశ్నను వెతికి పట్టుకోవడమే ఉపాధ్యాయుడి ప్రణాళికలో అసలు భాగం.

మూడో తరగతి తీసివేతనే తీసుకుందాం. 2024 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ పిల్లల్లో, ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి చూస్తే, మూడో తరగతిలో ఉండి కనీసం తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. 2022లో అది 25.9 శాతం. కొంత మెరుగే, కాదనలేం. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రాలేదు. ఆ సర్వే అడిగేది రెండంకెల తీసివేత, అదీ పదుల నుంచి తెచ్చుకోవాల్సిన లెక్క.

52లోంచి 27 తీసేయమంటే మూడో తరగతిలో ఎక్కువగా కనిపించే తప్పు జవాబు 35. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పిల్లవాడు ఏడులోంచి రెండు తీసి ఐదు వేస్తాడు. ఐదులోంచి రెండు పోతే మూడు. అతని దృష్టిలో అది తప్పే కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో చెప్పింది మనమే. ఈ 35 వస్తుందని ముందు రోజు సాయంత్రమే ఊహించగలిగిన ఉపాధ్యాయురాలి పాఠం ఒక రకంగా నడుస్తుంది. నోటు పుస్తకంలో దాన్ని చూశాక ఇంటూ మార్కు కొట్టి ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అనే సూత్రం మళ్లీ చెప్పేవారి పాఠం మరో రకంగా నడుస్తుంది. ఈ రెండో రకం పాఠంలో పిల్లలు ఐదును కొట్టేసి పైన నాలుగు వేయడం నేర్చుకుంటారు. ఆ నాలుగు నలభై అనీ, రెండు పక్కన చేరిన ఒకటి పది అనీ వాళ్లకు తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది.

మొదటి ఉపాధ్యాయురాలి ప్రణాళికలో ఏముంటుంది? ఒక చీపురు కట్ట, కొన్ని రబ్బరు బ్యాండ్లు. పది పుల్లలకో కట్ట చొప్పున పిల్లలే లెక్కపెట్టి కట్టాలి. టీచరు కట్టి తెచ్చిన కట్టలో పది ఉన్నాయని పిల్ల నమ్మాలి, తను కట్టినదాంట్లో పది ఉన్నాయని తనకే తెలుసు. జంటకు ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. అందులోంచి పక్క జంటకు 20 ఇవ్వమంటుంది. సులువుగా ఇచ్చేస్తారు. వాటిని వెనక్కి తీసుకుని మళ్లీ 52 చేశాక 22 ఇవ్వమంటుంది. అదీ ఇస్తారు. మళ్లీ 52 చేసి 27 ఇవ్వమంటుంది. రెండు కట్టలతో పాటు ఏడు విడి పుల్లలు కావాలి, చేతిలో ఉన్నవి రెండే. అక్కడ పిల్లలు ఆగిపోతారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు ‘టీచర్, కట్ట విప్పొచ్చా?’ అంటారు.

పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే. అది పిల్లల నోట రావాలి. అది వచ్చేదాకా టీచరు నోరు మెదపకుండా ఉండాలి, చెప్పేయాలనే తొందరను అణచుకోవాలి. అందుకే ‘ఇక్కడ చెప్పవద్దు, రెండు నిమిషాలు ఆగాలి’ అని ప్రణాళికలో రాసుకోవడం ఎంతో అవసరం. కట్ట విప్పాక నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. అందులోంచి 27 పోతే రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఆ తర్వాతే పలక మీద అంకెలు. 52ను 40, 12గా రాయడం అప్పుడు వాళ్లకు కళ్ల ముందు జరిగినదానికి లెక్క రాసుకోవడమే అవుతుంది.

ఇందులో అంకెల ఎంపిక ఎంత కీలకమో చూడండి. ముందే 52 నుంచి 27 ఇచ్చి ఉంటే కొందరు బెదిరిపోయేవారు. 22 దగ్గరే ఆగి ఉంటే ఎవరికీ ఏ చిక్కూ ఎదురయ్యేది కాదు. జపాన్‌లో ఒకటో తరగతిలో పదిని దాటే తీసివేతలు మొదలుపెట్టేటప్పుడు 13 లోంచి 9 వంటి లెక్క ఎంచుకుంటారు. తొమ్మిది పదికి దగ్గర కాబట్టి పదిని విడదీసి చూడాలనే ఆలోచన పిల్లలకు తనంతట తానే తడుతుంది. ఏ అంకె ఇవ్వాలా అని అక్కడి ఉపాధ్యాయులు గంటల తరబడి చర్చించుకుంటారు. మన పీరియడ్ ప్లాన్‌లో ఆ అంకె రాసుకోవడానికి గడి కూడా లేదు.

మరునాటికి 50 లోంచి 27. సున్నా వచ్చింది కాబట్టి పాత తప్పు కొత్త రూపంలో తిరిగొస్తుంది, కొందరు 37 అంటారు. అదే తరగతిలో కిరాణా కొట్టు వాళ్ల అబ్బాయో, అమ్మతో సంతకు వెళ్లే అమ్మాయో ఉంటే పుల్లలు ముట్టుకోకుండానే జవాబు చెప్పేస్తారు. 27కు మూడు కలిపితే 30, ఇంకో ఇరవై కలిపితే 50, కాబట్టి చిల్లర 23. ఇది పుస్తకంలో లేని పద్ధతి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బేరంలో నోటిలెక్క చకచకా చేసే పిల్లలు అదే లెక్కను కాగితం మీద పెడితే తడబడ్డారు. బడిలో లెక్కలు వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఈ రెండింటి మధ్య వంతెన వేయాల్సింది తరగతి గదే. అది వేయాలంటే ఆ అమ్మాయి చెప్పిన పద్ధతిని బోర్డు మీద రాసి, పుల్లల పద్ధతి పక్కనే పెట్టి, రెండింటికీ ఒకటే జవాబు ఎందుకు వచ్చిందో తరగతిని అడగాలి. అందుకు పది నిమిషాలు ముందే ఉంచుకోని ప్రణాళికలో సంత అనుభవానికి చోటు దొరకదు.

పని ముందే పూర్తి చేసిన పిల్లల సంగతి? కట్ట విప్పనక్కరలేని లెక్కలు మూడు, విప్పక తప్పనివి మూడు మీరే తయారుచేయండి అంటే చాలు. ఊరికే ఇంకో పది లెక్కలు ఇవ్వడం కన్నా ఇది వాళ్లను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఇంకా పదేసి లెక్కపెట్టడం దగ్గరే తడబడే పిల్లలకు ఆ రోజు కట్టలు కట్టడమే పాఠం. మూడో తరగతిలో ఉన్నారు కాబట్టి మూడో తరగతి పాఠమే చెప్పాలన్న పట్టుదల వాళ్లకు అన్యాయం చేస్తుంది.

తెలుగు పాఠానికీ ఇదే వర్తిస్తుంది. కథ చదివి వినిపిస్తూ ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి అన్నది ముందే నిర్ణయించుకుంటే చాలు, సగం ప్రణాళిక అయినట్టే. ‘కథలో ఎవరెవరున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబు వెనక పేజీలో దొరుకుతుంది. ‘ఇప్పుడు ఆ నక్క ఏం చేస్తుందనుకుంటున్నావు, ఎందుకు?’ అన్నదానికి పిల్లలు తమ బుర్రలోనే వెతుక్కోవాలి.

ఈ మాటలేవీ మనకు కొత్త కాదు. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు ఏపీపీఈపీ అని పిలుచుకున్నది, ఆరు బోధనా సూత్రాలను బడుల్లోకి తెచ్చింది. కృత్యాలు ఉపాధ్యాయుడే రూపొందించుకోవాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి. వ్యక్తిగతంగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని సాగాలి. పిల్లల మధ్య తేడాలను గమనించాలి. ఊరి పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవి ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచాలి. ఉపాధ్యాయులు కలుసుకుని మాట్లాడుకోవడానికి టీచర్స్ సెంటర్లు కూడా వచ్చాయి. నలభై ఏళ్ల కిందటి ఆ సూత్రాల్లో ఇవాళ కొట్టిపారేయదగింది ఒక్కటీ లేదు. కానీ ఆరింటిలో తనిఖీ అధికారి కంటికి తేలిగ్గా ఆనేది చివరిది, గోడల మీద చార్టులు. వాటిని లెక్కపెట్టవచ్చు, ఫొటో తీయవచ్చు. పిల్లల మధ్య తేడాలను గమనించడం ఫొటోకు దొరకదు. చార్టులు మిగిలాయి, గమనించడం జారిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి పథకానికీ ఇదే గండం ఎదురైంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌కు, 2022లో తెలంగాణ తెచ్చిన తొలిమెట్టుకు కూడా ఆ ప్రమాదం లేకపోలేదు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలన్నది మంచి గురి. నిపుణ్ భారత్‌కు పెట్టిన 2026-27 గడువు దగ్గరపడేకొద్దీ గురి కన్నా నివేదిక ముఖ్యమైపోతుందేమో అన్నదే భయం.

పాఠాలన్నీ పైనుంచే రాసి పంపితే పోదా అన్న వాదన ఒకటుంది. దానిలో కొంత నిజం ఉంది. కెన్యా 2015లో ‘టుసోమే’ పేరుతో ఒకటి, రెండు తరగతులకు టీచర్ గైడ్లు, పుస్తకాలు, తరగతి గదికి వచ్చి తోడ్పడే శిక్షకులను దేశమంతటా ఏర్పాటు చేసింది. పిల్లల చదువు మెరుగైంది. కొత్తగా చేరిన ఉపాధ్యాయుడికి చేతిలో ఓ మంచి గైడు ఉండటం ధైర్యమే. అయితే పలు దేశాల గైడ్లను పోల్చి చూసిన పరిశోధకులు 2018లో మరో మాటా చెప్పారు. టీచరు పలకాల్సిన ప్రతి మాటా రాసిచ్చిన గైడ్ల కన్నా, క్లుప్తంగా ఉండి టీచరుకు కొంత చోటు వదిలినవే మెరుగ్గా పనిచేశాయి. మన కార్పొరేట్ బడుల్లో హెడ్డాఫీసు నుంచి వచ్చే మైక్రో షెడ్యూళ్లు చూస్తే ఆ చోటు ఎంత అవసరమో తెలుస్తుంది. మంగళవారం మూడో పీరియడ్‌లో ఏ పేజీ నడవాలో నగరంలో కూర్చున్నవారు నిర్ణయిస్తారు. సోమవారం పిల్లలకు అర్థం కాలేదన్న సంగతి వారికి చేరే దారి లేదు.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్లలో రాసిన ‘దివాస్వప్న’ను ప్రణాళిక గురించి మాట్లాడే ప్రతిసారీ గుర్తుచేసుకోవాలనిపిస్తుంది. తెలుగులో ‘పగటి కల’గా చాలామంది ఉపాధ్యాయులు చదివిన పుస్తకమే. అందులోని మాస్టారు మొదటి రోజు ఎంతో ఆలోచించి తెచ్చుకున్న మౌనం ఆట పూర్తిగా బెడిసికొడుతుంది. పిల్లలు గోల చేస్తారు. ఆయన ఆ రోజుకు సెలవిచ్చి, మర్నాడు కథతో మొదలుపెడతాడు. ప్రణాళిక విఫలమైందని పిల్లలను నిందించలేదు, ప్రణాళికలు దండగనీ అనుకోలేదు. దాన్ని మార్చుకున్నాడు. మన రికార్డుల్లో కొట్టివేతలు ఉండకూడదు, పాఠం చెప్పాక పక్కన ‘ఇది కుదరలేదు, రేపు ఇలా’ అని రాసుకోవడం తప్పుగా కనిపిస్తుంది. నిజానికి కొట్టివేతలున్న ప్రణాళికే తరగతిలోకి వెళ్లివచ్చిన ప్రణాళిక.

వీటన్నింటికన్నా బరువైన సమస్య ఒకరే టీచరున్న బడి. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం, 12,912, ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో కూర్చున్నచోట సబ్జెక్టుకో పీరియడ్ ప్లాన్ రాయమనడం అర్థం లేని పని. ఐదు తరగతులు, మూడు నాలుగు సబ్జెక్టులు కలిపి రోజుకు ఎన్ని ప్లాన్లవుతాయో లెక్కవేస్తేనే తెలుస్తుంది. అక్కడ కావాల్సింది వేరే తరహా ఆలోచన. ఉదాహరణకు వారమంతా ‘నీళ్లు’ అనే ఒకే అంశం. చిన్నవాళ్లు తమ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో బొమ్మ గీసి పేర్లు రాస్తారు. మూడో తరగతివాళ్లు ఇంట్లో రోజుకు ఎన్ని బిందెలు, ఎన్ని బకెట్లు ఖర్చవుతాయో లెక్కపెడతారు, కూడికలు తీసివేతలు అక్కడే వస్తాయి. పెద్దవాళ్లు తాతయ్యనో నాయనమ్మనో అడిగి ఊళ్లో ఒకప్పుడు ఎన్ని బావులుండేవో, ఇప్పుడు ఏమయ్యాయో రాసుకొస్తారు. శనివారం అందరూ అందరికీ చెబుతారు. ఒక్క ప్రణాళికతో ఐదు తరగతులూ, తెలుగూ గణితమూ పరిసరాల విజ్ఞానమూ నడిచాయి.

ఇలాంటి బళ్ల కోసమే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు నేర్చుకునే మెట్ల పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉన్నదో తానే చూసుకుని కార్డు తీసుకునే ఏర్పాటు. టీచరు ఒక జట్టుతో కూర్చున్నప్పుడు మిగతా జట్లు తమంతట తాము, లేదా ఒకరికొకరు తోడుగా పనిచేస్తాయి. దాన్ని చూసి కర్ణాటకలో హెచ్‌డీ కోటె ప్రాంతంలో 1995లో ‘నలి-కలి’ మొదలైంది, 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. కార్డులే సర్వస్వం అనుకున్న చోట ఆ పద్ధతి కూడా బిగుసుకుపోతుంది. అయినా ఒక్క టీచరున్న బడిని లోపంగా మాత్రమే చూడకుండా, దానికి తగిన ప్రణాళికను ఆ బడిలోనే కూర్చుని తయారుచేసిన అనుభవం మన గడ్డ మీదే ఉంది. 12,912 బడులున్న రాష్ట్రానికి అంతకు మించిన సంపద ఏముంటుంది?

ఇక సమయం. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉపాధ్యాయుడి పనిగంటలు వారానికి కనీసం 45 అని ఉంది. పాఠానికి సిద్ధమయ్యే గంటలూ అందులో కలిసే ఉంటాయని అక్కడే రాసి ఉంది. 2009లోనే పార్లమెంటు సన్నద్ధతను పనిగా గుర్తించింది. బడిలో మాత్రం ఆ గంటలు ఎక్కడా కనిపించవు. ఉదయం హాజరు యాప్, తర్వాత భోజనాల వివరాలు, మధ్యలో అర్జెంటుగా కావాలంటూ గ్రూపులో వచ్చే సమాచారం, సాయంత్రానికి మరో ఫార్మాట్. రేపటి పాఠం గురించి ఆలోచన రాత్రి ఇంట్లో వంటింటి పనులయ్యాకో, తెల్లవారి బస్సులోనో జరగాలి. ప్రాథమిక బడుల్లో మహిళా ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, ఈ భారం వాళ్ల మీద రెట్టింపు పడుతుంది. జీతం ఇస్తున్నాం కదా అనే సమాధానం ఇక్కడ పనికిరాదు. చట్టం ఇచ్చిన గంటలను యాప్‌లు తింటున్నాయన్నదే ఇక్కడి ఫిర్యాదు.

ఉన్న ఏర్పాట్లలోనే దీనికి దారి ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే జరుగుతున్నాయి, ఎక్కువసేపు సర్క్యులర్లు చదవడంతోనే గడుస్తున్నాయి. జపాన్‌లో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక్క పాఠాన్ని తయారుచేసుకుంటారు, ఒకరు బోధిస్తే మిగతావారు గది వెనకా పక్కలా నిలబడి పిల్లలనే చూస్తారు. టీచరు ఎలా చెప్పారన్నది చర్చలో ముఖ్యం కాదు. మూడో బల్ల మీద పిల్ల ఎక్కడ ఆగిపోయింది, ఏ ప్రశ్నతో కదిలింది అన్నదే మాట్లాడుకుంటారు. పాఠం మళ్లీ సవరిస్తారు. ఒక కాంప్లెక్స్ ఏడాదికి నాలుగు పాఠాలు ఇలా నలగ్గొట్టినా, పదేళ్లలో మండలానికో పాఠాల నిధి తయారవుతుంది, అదీ మన పిల్లలు నిజంగా చేసే తప్పులతో సహా. గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలున్న ఏజెన్సీ బళ్లలో ఇది మరీ అవసరం. అక్కడి పిల్లలు ఎక్కడ ఆగిపోతారో మైదాన ప్రాంతంలో రాసిన ఏ గైడూ ముందుగా ఊహించలేదు.

ప్రభుత్వాలు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పీరియడ్ ప్లాన్‌ను ఒక పేజీకి కుదించి అందులో మూడే అడగాలి. రేపు పిల్లల ముందు పెట్టే ప్రశ్న ఏమిటి, వాళ్లు ఏ తప్పు చేస్తారనుకుంటున్నారు, పాఠం అయ్యాక ఏం మార్చుకున్నారు. ఏకోపాధ్యాయ బడులకు వారానికో అంశంతో ఉమ్మడి ప్రణాళిక చాలని ఉత్తర్వులోనే స్పష్టం చేయాలి. వారంలో రెండు గంటలు ఏ యాప్‌లోనూ ఏమీ నింపక్కరలేని సన్నద్ధతా సమయంగా ప్రకటించాలి, ఆ సమయంలో గ్రూపుల్లో సమాచారం అడగకూడదని ఎంఈవోలకు, డీఈవోలకు చెప్పాలి. తనిఖీకి వెళ్లే అధికారి రికార్డు తెరిచే ముందు ఒక పిల్ల పక్కన పదిహేను నిమిషాలు నేల మీద కూర్చుని ఆ పిల్ల పలక మీద ఏం రాస్తోందో, ఎందుకలా రాస్తోందో అడిగి తెలుసుకోవాలి. తనిఖీ నివేదికలో మొదటి పేరా దాని గురించే ఉండాలి.